పిల్లలతో ప్రయాణం ఏ వయసు నుంచి కాస్త సుఖంగా ఉంటుంది?

మియాపూర్_అమ్మ:

అందరికీ నమస్తే అండీ. సంక్రాంతి సెలవుల్లో వైజాగ్, అరకు వెళ్ళొచ్చాం. వచ్చి ఆరు రోజులైనా ఇంకా ఒక బ్యాగు జిప్పు కూడా తీయలేదు, అంత నీరసంగా ఉంది. పాపకి 4 ఏళ్ళ 2 నెలలు, బాబుకి 15 నెలలు.

వెళ్ళేటప్పుడు రాత్రి రైలు, థర్డ్ ఏసీ. పిల్లలు పడుకుంటారు, తెల్లారేసరికి వైజాగ్ అనుకున్నాం. మిడిల్ బెర్త్ వేశాక కింది బెర్త్‌లో నిటారుగా కూర్చోడానికి ఉండదని తెలుసు గానీ, ఒంటిగంటకి పిల్లాడు లేచి ఏడిస్తే దాని అర్థం ఏంటో అప్పుడు తెలిసింది. మెడ వంచుకుని పాలు పట్టాను, తాగినవన్నీ దుప్పటి మీద కక్కాడు. ఎదురు బెర్త్ పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు పాపం, కానీ ఆయన నిట్టూర్పు మాత్రం పెట్టె మొత్తానికీ వినిపించింది. చివరికి మా వారు వాణ్ని భుజాన వేసుకుని తలుపు దగ్గర, ఆ బాత్రూముల పక్కన, రాజమండ్రి దాటేదాకా నిలబడే ఉన్నారు.

ఇక అరకు రైలు. అద్దాల పెట్టెలో టికెట్ల కోసం మా వారు ఎన్ని తిప్పలు పడ్డారో. ఆ లైన్లో యాభైకి పైగా సొరంగాలున్నాయట, చీకటి పడగానే పెట్టెలో జనమంతా 'ఓ...' అని అరుస్తారు, అదో సరదా. మా వాడికి అది సరదా అని ఎవరు చెప్పాలి? ప్రతి సొరంగానికీ గుక్క పట్టి ఏడుపే. బొర్రా గుహల దగ్గర స్ట్రాలర్ తీసుకెళ్ళిన మా తెలివికి మేమే నవ్వుకున్నాం, లోపలంతా మెట్లే. తిరిగి వైజాగ్ కారులో వస్తుంటే ఘాట్‌లో పాపకి రెండు వాంతులు, రెండోది నా ఒళ్ళోనే. బొంగు చికెన్ అని మా వారు రెండేళ్ళుగా ఊరిస్తున్నారు, తీరా కొని కూర్చుంటే సరిగ్గా అప్పుడే డైపర్ మార్చాల్సి వచ్చింది, నేను వచ్చేసరికి అది ఆకులో చల్లారిపోయి ఉంది.

మా అత్తయ్యగారేమో "మేం ముగ్గుర్ని వేసుకుని కాశీ వెళ్ళొచ్చాం, మీకన్నీ కష్టమే" అంటారు. ఆ ముగ్గురిలో ఒకరైన మా వారికి కాశీలో ఏమీ గుర్తులేదు, రిక్షాలో పడిపోయిన చెప్పు తప్ప.

ఇప్పుడు ఎండాకాలంలో ఊటీ అంటున్నారు. నా ప్రశ్న ఒక్కటే. ఇది ఏ వయసుకి తేలికవుతుంది? ఓర్చుకోగలగడం గురించి కాదు నేనడిగేది, ఓర్చుకోవడం వచ్చేసింది. వెళ్ళినందుకు నాకు కూడా బాగుంది అనిపించేది ఎప్పుడు? నిజం చెప్పండి, 'పిల్లలతో ప్రతి క్షణం అపురూపం' లాంటివి మాత్రం వద్దు.

బెజవాడ_అక్క:

చెల్లీ, బొంగు చికెన్ దగ్గర నాకు నవ్వూ జాలీ రెండూ వచ్చాయి. మా పెద్దదానికి 9, చిన్నోడికి 6. నన్నడిగితే చిన్నోడికి మూడున్నర, నాలుగు వచ్చాకే. పెద్దదాని వయసు చూసుకుని లెక్కలేయకు, ఎప్పుడూ చిన్నవాడి వయసే ఆ ఇంటి ప్రయాణం వయసు.

వయసు అంటాం గానీ అసలు సంగతి వేరే. డైపర్ మానాలి, మధ్యాహ్నం నిద్ర లేకపోయినా సాయంత్రం దాకా గడిచిపోవాలి, 'ఎత్తుకో' అనకుండా ఒక అరగంట నడవాలి. ఈ మూడూ ఒకేసారి రావు. మావాడికి డైపర్ రెండున్నరకే పోయింది, సంబరపడ్డాను, తర్వాత తెలిసింది డైపర్ ఉన్నప్పుడే నయమని. ఎందుకంటే ఆ వయసులో 'అమ్మా ఒకటికి' అన్నాడంటే మన దగ్గర ఉండే టైము ఒక నిమిషం. తిరుమల కంపార్ట్‌మెంట్‌లో కూర్చుని ఉన్నాం, అప్పుడే తలుపు తీశారు, జనమంతా లేచారు, వీడు నా కొంగు పట్టుకుని లాగి చెప్పాడు. వాళ్ళ నాన్న వాణ్ని చంకలో ఇరికించుకుని జనానికి ఎదురు ఈదుకుంటూ వెనక్కి వెళ్తుంటే అందరూ తిట్టే చూపులే. మేమిద్దరం ఒక చోట దర్శనం, వాళ్ళిద్దరూ ఒక చోట దర్శనం, లడ్డూల కౌంటర్ దగ్గర కలిశాం. అన్నట్టు ఏడాది లోపు బిడ్డ ఉంటే తల్లిదండ్రుల్ని సుపథం అనే వేరే దారి నుంచి పంపుతారు, అది తెలిసేసరికి వీడికి 14 నెలలు!

అదే పిల్లాడు మొన్న ఆరేళ్ళు నిండాక అలిపిరి మెట్లు ఎక్కాడు. 3,550 మెట్లు. ఎక్కుతాడని నాకు నమ్మకం లేదు, గాలిగోపురం దాకా చూద్దాం, అక్కడి నుంచి ఎత్తుకోవాలేమో అని వాళ్ళ నాన్న ముందే నడుముకి బెల్టు కట్టుకున్నారు. వీడు మాత్రం మెట్లు లెక్కపెట్టడం మొదలెట్టాడు. నాలుగొందల దగ్గర లెక్క తప్పాడు, అక్క మీద అరిచాడు 'నువ్వు మాట్లాడావు కాబట్టే మర్చిపోయా' అని, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. గాలిగోపురం దగ్గర మజ్జిగ తాగి మమ్మల్ని తొందర పెట్టింది వాడే. పైకెళ్ళాక నేను ఒక చోట కూర్చుండిపోయాను, మోకాళ్ళు పట్టేసి. అప్పుడు వాడొచ్చి నా సంచీ తీసుకున్నాడు. అందులో నీళ్ళ సీసా ఒకటే ఉంది లే, అయినా తీసుకున్నాడు కదా.

కాబట్టి నీకింకా రెండేళ్ళు, రెండున్నరేళ్ళు. ఊటీ ఎక్కడికీ పోదు.

సికింద్రాబాద్_నాన్న:

నేను ఒప్పుకోను. అందరూ 'పెద్దయ్యాక తేలిక' అంటారు, మాకు అన్నిటికన్నా తేలికైన ప్రయాణం పాపకి 6 నెలలప్పుడు. తల్లిపాలు, కాబట్టి సీసాల గొడవ లేదు. ఎక్కడ పడుకోబెడితే అక్కడే ఉంటుంది, పారిపోదు. రైల్లో మా అమ్మ తన పాత నేత చీర తీసి రెండు పై బెర్తుల కమ్మీలకి అడ్డంగా ఉయ్యాల కట్టింది, రైలే ఊపింది, కాజీపేటలో పడుకుంటే మళ్ళీ తెనాలిలో లేచింది. మేం ఇద్దరం వేడి వేడి టీ తాగాం. అసలు కష్టం నడక వచ్చిన రోజు మొదలవుతుంది, మాట అర్థమయ్యేదాకా, అంటే సుమారు ఏడాది నుంచి రెండున్నర, మూడేళ్ళ మధ్య. నడుస్తారు, ఎటు నడవాలో తెలీదు. కావాల్సింది ఏదో ఉంటుంది, చెప్పడం రాదు. మీ బాబు సరిగ్గా నడి గోదాట్లో ఉన్నాడు మేడమ్, మీ తప్పేం లేదు.

టికెట్ల సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే మీ రైలు కథలో సగం కష్టం బెర్తుల వల్లే వచ్చింది. 5 ఏళ్ళ లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, నిజమే, కానీ బెర్త్ కూడా రాదు. మీరు నలుగురు మనుషులు రెండు బెర్తుల మీద పడుకున్నారన్నమాట. పాపకి పూర్తి చార్జీ కట్టి ఒక బెర్త్ తీసుకోవచ్చు, అలా తీసుకోండి. ఉచితంగా వచ్చేదాన్ని వదులుకుని డబ్బు కట్టడం మనసొప్పదు, నాకూ ఒప్పలేదు, కానీ ఒక్క రాత్రి నిద్ర విలువ ఎంతో మీకిప్పుడు బాగా తెలుసు. 5 నిండి 12 లోపు అయితే బెర్త్ వద్దంటే సగం, కావాలంటే పూర్తి. పాత రోజుల్లోలా సగం డబ్బుకి పూర్తి బెర్త్ 2016 ఏప్రిల్‌లోనే ఎత్తేశారు. చైర్ కార్‌లో ఆ సగం కూడా లేదు, సీటు కాబట్టి పూర్తి టికెట్టే.

ఇంకొకటి. మీ ఇద్దరు పిల్లలకీ పగటి రైలు మంచిది. వైజాగ్‌కి వందే భారత్ 2023 జనవరి నుంచి ఉంది, ఎనిమిదిన్నర గంటల దాకా పడుతుంది. పిల్లాడు ఏడ్చినా పగలు ఎవరూ ఏమీ అనుకోరు, అందరూ మేలుకునే ఉంటారు, ఎవరో ఒకావిడ ఎత్తుకుంటుంది కూడా. రాత్రి ఏడుపుకీ పగటి ఏడుపుకీ చాలా తేడా అండీ.

డాలస్_బాబాయ్:

మాది విమానాల గోల. డాలస్ నుంచి దోహా మీదుగా హైదరాబాద్, అక్కడి నుంచి కారులో గుంటూరు, ఇంటి గడప నుంచి ఇంటి గడపకి ఒకటిన్నర రోజు. ఇప్పటికి పిల్లలతో నాలుగు సార్లు వచ్చాం కాబట్టి నా అనుభవం రాస్తున్నాను.

పెద్దోడు 10 నెలలప్పుడు ముందు గోడకి తగిలించే ఉయ్యాల లాంటిది, బాసినెట్, దొరికింది. సికింద్రాబాద్ సార్ చెప్పినట్టే అది బానే గడిచింది. తర్వాత నేనొక తెలివైన పని చేశాను. రెండేళ్ళు నిండితే సీటు కొనాలి కదా, అందుకని చిన్నదానికి 22 నెలలుండగానే ప్రయాణం పెట్టుకుని టికెట్లు బుక్ చేశాను, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే సరిపోతుందని. మా ఆవిడ అప్పుడే అంది, వద్దండీ అని. డబ్బు మిగిలింది, నిజమే. దోహా దాకా పద్నాలుగు గంటల పైన మా ఒళ్ళో పన్నెండు కిలోల పిల్ల, బాసినెట్‌లో పట్టదు, కాళ్ళతో ముందు సీటు తంతోంది, ముందు సీటాయన మూడుసార్లు వెనక్కి తిరిగాడు. నాలుగోసారి తిరిగితే ఏం చెప్పాలో నేను ఇంగ్లీషులో ప్రాక్టీసు కూడా చేసుకున్నాను. దిగాక మా ఆవిడ వారం రోజులు నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. కాబట్టి రెండేళ్ళ లోపు ఒళ్ళో అనే సదుపాయం ఆర్నెల్ల పిల్లలకి చేసింది అనుకోండి, ఏడాదిన్నర దాటాక అది సదుపాయం కాదు.

పోయిన ఏడాది వచ్చినప్పుడు వాళ్ళకి 7, 5. ఎవరి బ్యాగు వాళ్ళదే, ఎవరి హెడ్‌ఫోన్స్ వాళ్ళవే. నేను విమానంలో ఒక సినిమా మొత్తం చూశాను, ఆరేళ్ళలో మొదటిసారి. ఏ సినిమానో అడక్కండి, బాగాలేదు, అయినా ఆఖరి పేర్ల దాకా చూశాను.

ఒక విషయం మాత్రం ఏ వయసుకీ తేలిక కాలేదు, అది జెట్ లాగ్. అక్కడికీ ఇక్కడికీ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా, అంటే పగలు రాత్రి తలకిందులే. గుంటూరులో రాత్రి రెండింటికల్లా ఇద్దరూ లేచి కూర్చునేవారు. మొదటి రెండు సార్లూ మేం కూడా లేచి, లైట్లార్పి, బలవంతంగా పడుకోబెట్టి, ఏడిపించి, అందర్నీ లేపి... ఈసారి వదిలేశాం. మా నాన్నగారికి ఎలాగూ మూడింటికే మెలకువ వస్తుంది. నేను నాలుగింటికి నీళ్ళు తాగడానికి లేస్తే వరండాలో దీపం వెలుగుతోంది, ముగ్గురూ చాప మీద కూర్చుని జంతికల డబ్బా మధ్యలో పెట్టుకుని పేకాట. మా నాన్నగారు నాకు జీవితంలో పేక ముట్టుకోనివ్వలేదు. 'సెవెన్ ఆఫ్ హార్ట్స్ వెయ్యి తాతయ్యా' అని ఐదేళ్ళది ఆయన్ని గదమాయిస్తోంది. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళిపోయాను.

కరీంనగర్_టీచరమ్మ:

అందరూ వయసు చెప్తున్నరు, నేను మనుషుల లెక్క చెప్తా. ఇద్దరు పిల్లలకి ఇద్దరే పెద్దవాళ్ళైతే ఎవరికీ ఖాళీ దొరకదు. మూడో పెద్దమనిషి ఉండాలె. మేము మా అమ్మను తీసుకపోతం, పెళ్ళికాని మా చెల్లెను తీసుకపోతం. అత్తమ్మ గారు కాశీ గురించి చెప్తున్నరు కదా, అప్పుడు వాళ్ళతో ఎంతమంది పోయిన్రో అడగండి ఒకసారి. మా అత్తమ్మ కూడా ఇట్లనే అనేది. ఆరా తీస్తే రెండు కుటుంబాలు, ఒక మేనత్త, ఒక వంటామె. అట్లైతే నేను కూడా కాశీ పోతా!

పాప వాంతుల గురించి. రెండేళ్ళ లోపు పిల్లలకు ఘాట్ రోడ్డు వాంతులు అరుదు, రెండు నుంచి పన్నెండు మధ్యల ఎక్కువ, తర్వాత చాలామందికి తగ్గుతది. అంటే మీ పాపకు ఇప్పుడిప్పుడే మొదలైందన్నట్టు, వచ్చేసారి బాబుకు కూడా రావచ్చు. బయలుదేరే ముందు కడుపు నిండ పెట్టకండి, ఖాళీగ కూడా ఉంచకండి, రెండు ఇడ్లీలు చాలు. కార్ల ఫోన్ అస్సలు ఇవ్వొద్దు, దూరంగ కొండను చూపించండి, అద్దం కొంచెం దించండి. మందు కావాలంటే పిల్లల డాక్టర్‌ను అడిగి ముందే తెచ్చుకోండి, పక్కింటివాళ్ళు చెప్పిన టాబ్లెట్ సగం విరిచి ఇచ్చుడు వద్దు, వాటిల కొన్ని చిన్నపిల్లలకు పనికిరావు. కవర్లు మాత్రం డజను పెట్టుకోండి, చేతికందేటట్టు. డిక్కీల పెట్టిన కవరుతోని ఏం లాభం.

ఊటీకి మైసూరు దిక్కు నుంచి కల్లట్టి దారిల పోతే 36 హెయిర్‌పిన్ మలుపులు. ఒక్కసారి ఆలోచించుకోండి.

మణికొండ_రావు:

ఈ చర్చలో అందరికన్నా పెద్ద పిల్లాడు మా వాడే అనుకుంటా, 13. ఇప్పుడు ప్రయాణం ఎంత తేలికంటే, సూట్‌కేసులు వాడే ఎక్కిస్తాడు, హోటల్లో వైఫై పాస్‌వర్డ్ వాడే కనుక్కుంటాడు, మాకు పనే లేదు. కానీ కిటికీ సీటు అడగడు. వెలుతురు పడుతోంది, కర్టెన్ వేస్తావా నాన్నా అంటాడు.

తేలిక ఒకటి, సరదా ఒకటి. ప్రశ్నలో మేడమ్ రెండూ కలిపి అడిగారు గానీ అవి కలిసి ఉండేది నా లెక్కలో 6 నుంచి 10, 11 దాకా. అది కూడా దూరం వెళ్ళినందుకు కాదు. మాకు అన్నిటికన్నా బాగా గుర్తున్న ప్రయాణం ఇంటి నుంచి గంట కూడా పట్టనిది. వాడికి 7 అప్పుడు, గోల్కొండ వెళ్ళాం. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని పుస్తకంలో చదివాడట, నమ్మలేదు. మా ఆవిడ వాణ్ని తీసుకుని పైకెక్కింది, నేను కింద. సరిగ్గా పదకొండింటికి కొట్టాలని ఒప్పందం. నేను కొట్టాను, నా పక్కన ఒక స్కూలు పిల్లల గుంపు కూడా కొట్టింది, ఒక గైడ్ కొట్టాడు. పైనుంచి వాడు ఫోన్ చేసి "నాన్నా, మూడోది నీదే కదా, నువ్వు మెల్లగా కొడతావు" అన్నాడు. మూడోది నాదో కాదో నాకు తెలీదు. అవునన్నాను.

ఇప్పుడు మళ్ళీ వెళ్దాం రా అంటే ఎండగా ఉంటుంది అంటున్నాడు. కాబట్టి మేడమ్, తేలికయ్యేదాకా ఆగుదాం అనుకుని ఆరేళ్ళు ఇంట్లో కూర్చోకండి, దగ్గర చోట్లకి తిరుగుతూ ఉండండి, అంతే.

మియాపూర్_అమ్మ:

అందరికీ చాలా థాంక్స్ అండీ. బెజవాడ అక్క చెప్పిన 'చిన్నవాడి వయసే ఇంటి ప్రయాణం వయసు' అనేది మా వారికి చదివి వినిపించాను, ఆయన ఏమీ అనలేదు, అంటే ఒప్పుకున్నట్టే. కల్లట్టి 36 మలుపులు కూడా వినిపించాను, అప్పుడు మాత్రం ఊటీ ఫోల్డర్ మూసేశారు. అత్తయ్యగారిని కూడా అడిగాను కాశీకి ఎంతమంది వెళ్ళారని. పద్నాలుగు మంది! వాళ్ళలో మా మామయ్యగారి అక్క ఒకావిడ పిల్లల్ని చూసుకోవడానికే వచ్చిందట, ఆ సంగతి ఇన్నేళ్ళలో ఇప్పుడే బయటపడింది.

రెండున్నరేళ్ళు అసలు కదలకుండా ఉండటం మా వల్ల కాదు, రావు గారన్నట్టు దగ్గర్లోనే చూస్తున్నాం. బాపట్ల అనుకుంటున్నాం, సూర్యలంక బీచ్ పక్కనే హరిత రిసార్ట్‌లో మూడు రాత్రులూ ఒకే గది, ఎక్కడికీ తిరిగేది లేదు. ఘాట్ లేదు, సొరంగం లేదు. మా అమ్మ వస్తానంది, తనకి సముద్రం అంటే ఇష్టం, పైగా మధ్యాహ్నం వాడితో పాటు తనూ పడుకుంటుంది. వెళ్ళేది పగటి రైల్లోనే, పాపకి డబ్బు కట్టి సీటు తీసుకుంటున్నాం.

సికింద్రాబాద్ సార్, ఒక చిన్న సందేహం. మీరు చెప్పిన ఆ చీర ఉయ్యాల మా వాడికి కట్టొచ్చంటారా? సైడ్ బెర్త్ వస్తే ఎలా కట్టాలి?

సికింద్రాబాద్_నాన్న:

అమ్మో, 15 నెలల వాడికి వద్దండీ. అది ఇంకా లేచి కూర్చోవడం రాని పిల్లలకే. మీవాడు అందులో లేచి నిలబడతాడు, దూకుతాడు కూడా. పైగా సైడ్ బెర్త్ దగ్గర కడితే నడిచే దారికి అడ్డం, టీ అమ్మేవాళ్ళు తిరుగుతుంటారు. చీర మాత్రం తీసుకెళ్ళండి, బీచ్‌లో నీడకి పనికొస్తుంది.